సుగ్రా ఆపా ఒప్పుకోని పేజీ

మా సుగ్రా ఆపాను ఏ దేశమని అడిగినోళ్ళను లెక్కపెట్టుడు నేనెప్పుడో బంద్ జేసిన. బస్సుల అడిగిన్రు, బ్యాంకుల అడిగిన్రు, ఉప్పల్ మెట్రో కాడ సెల్ఫీ దిగుతమని కూడా అడిగిన్రు. "నాచారం" అంటది ఆపా. "అట్ల కాదమ్మా, అసలు ఎక్కడ?" అంటే, "అసలు నాచారమే. మరి నీది?" అంటది. అడిగినోడు ఏ సూర్యాపేట నుంచో నిన్న మొన్న వచ్చినోడై ఉంటడు.

ఆపా వాళ్ళు సిద్దీలు. నిజాం గుర్రపు దళంల పనికని వాళ్ళ ముత్తాతలను ఆఫ్రికా నుంచి తెచ్చిన్రంట. ఆపా నాయనకు నాచారంల పని దొరికితే ఇటు వచ్చి ఉన్నరు. నా పేరు దుర్గమ్మ. బిస్కెట్ల ఫ్యాక్టరీల ప్యాకింగు కాడ నేను, ఆపా ఇరవై రెండేండ్లు పక్కపక్కన నిలవడ్డం. నాది నోటి దురుసని అందరంటరు గని, ఆపా ముంగట నేనేం పనికిరాను.

ఫ్యాక్టరీ బందైనంక ఏదో సంస్థ నుంచి సుధీంద్ర సార్ ఆపా కాడికి వచ్చిండు. సిద్దీ ముసలమ్మల కథలు రికార్డు చేసి తెస్తే పుస్తకం వేస్తమన్నడు. ఇరవై ప్రశ్నల కాగితం చేతిల పెట్టిండు. మొదటిదే, మీ పూర్వీకులది ఏ దేశం. ఆపా దాన్ని మడిచి బియ్యం డబ్బా కింద తోసింది. ముంగట ఫోను పెట్టుకొని అడిగితే ముసలోళ్ళు నోరు తెరుస్తరా? ఆపా రెండు కిలోల ఎల్లిగడ్డ కొన్నది. ఎవరింటికి పోయినా మధ్యల ఎల్లిగడ్డ కుప్ప పోసి, అందరం చుట్టూ కూసొని ఒలుసుడే. సగం కుప్ప అయ్యేసరికి మాట అదే వస్తది. అప్పుడు వాళ్ళకు చెప్పి ఫోన్ల రికార్డు పెడుతుండె ఆపా.

ఖైరున్ నానీ కాడ గట్లనే అయ్యింది. నానీకి ఎనభై నాలుగేండ్లు. ఒకప్పుడు మా బస్తీల కాన్పులన్నీ ఆమె చేతులమీదనే.

"ఒకింట్ల నొప్పులు పడే పిల్ల, నీ చేతులు నల్లగున్నయి, ముట్టకు అన్నది," అని చెప్పింది నానీ. "నొప్పులు ముదిరినంక అవే చేతులు పట్టుకొని ఇడిస్తే ఒట్టు. మగపిల్లోడు పుట్టిండు. నేను గడప దాటంగనే ఆమె అత్త నేను కూసున్న జాగల పసుపునీళ్ళు జల్లింది."

ఒలిచే చెయ్యి ఆగింది నాకు. ఆ పిల్లను నేనే. ఆ పిల్లోడు మా మహిపాల్. సిగ్గుతోటి సచ్చిన. బయటికొచ్చినంక ఆపాకు చెప్పిన. "తీసేయమంటవా?" అన్నది. "ఉంచు" అన్న.

నెల దాటినంక సార్ అచ్చు కాగితాలు పట్టుకొని నానీ ఇంటికే వచ్చిండు. నేను, ఆపా ఆడనే ఉన్నం. నానీ వేలిముద్ర పడితేనే ప్రింటుకు పోతదంట. సిరా డబ్బా తెరిచిండు.

"చదివి ఇనిపియ్యి సార్" అన్నది ఆపా.

"ఆమెకు చదువు రాదు కదమ్మా. అంతా నేను చూసుకున్నాను."

ఆపా కాగితం గుంజుకొని తానే చదివింది. మేము ఆఫ్రికా అడవుల బిడ్డలం, డోలు మా ప్రాణం, ఆట మా రక్తం అని పేజీ నిండ గదే. కాన్పుల ముచ్చట ఒక్క ముక్క లేదు.

"గిది ఎవరి కథ?" అన్నది నానీ. "నేను అడివి ఎన్నడు సూడలే. డోలు మా మరుదులు కొడుతుంటిరి, నాకు తలకాయ నొస్తుండె."

"ఆ కాన్పు సంగతి వేస్తే ఆ ఇంటివాళ్ళు గొడవ చేస్తారు నానీ. ముద్ర వేయకపోతే మీ పేరే పుస్తకంలో ఉండదు."

"లేకుంటే లేకపాయె. ఈ బస్తీల సగం మందికి బడిల పుట్టిన తారీఖు నేను చెప్పిందే రాయించిన్రు. వాళ్ళ ఆధార్ కార్డులల్ల ఉన్నది నా మాటనే బేటా." చెయ్యి కొంగుల దాసుకుంది.

ఆపా కాగితం సార్ ఒళ్ళె పెట్టింది. "ఆమె ఎట్లన్నదో అట్లనే వెయ్యి. లేకుంటే మేం రికార్డు చేసిన పదకొండు మంది ముసలమ్మలల్ల ఒక్కరి ముద్ర గూడ నీకు దొరకది. ఇంటింటికి పోయి ఎవరి పేజీ వాళ్ళకు చదివి చెప్త."

"రేపు గొడవైతే జవాబు ఎవరు చెప్తారు?"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "నేను చెప్త," అని లేచిన. "ఆ ఇల్లు మాది. ఆ మాట అన్నది నేను, నీళ్ళు జల్లింది మా అత్త. నా పేరు, ఇంటి నంబరు వేసి రాయి. వచ్చేటోడెవడో నా ఇంటికే రానీ."

సార్ సిరా డబ్బా మూసి పెన్ను తీసిండు. నానీ నన్ను పక్కకు కూసోమన్నది.

"నాకు ఎరుకే బేటీ. ఎల్లిగడ్డ ఒలిచిననాడే గుర్తువట్టిన," అన్నది. "గని నీళ్ళొక్కటే రాయిస్తే చాలది. ఆ దినం మీ అత్త నాకు చాయ్ గూడ పోసింది. తాగినంక ఆ గిలాస నన్నే తీస్కపొమ్మన్నది. గది గూడ చెప్పు, రాస్కుంటడు."

సార్‌కు నేనే చెప్పిన.