జంతిక కొరికిన పన్ను

శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్లే బస్సు ఎచ్చెర్ల దాటాక, పక్క సీట్లో పెద్దావిడ సంచిలోంచి జంతిక తీసి ముందుపళ్లతో ఫట్‌మని కొరికింది. నేను పళ్ల డాక్టర్ని. ఆ ముందుపళ్లలో ఒకటి త్రీడీ ప్రింటర్లో తీసిన టెంపరరీ క్యాప్ అని చూడగానే తెలిసిపోయింది. మూల విరిగితే ఎవరో ఫిల్లింగ్ ముద్దతో అతికారు. అలా విరిగిన క్యాపుల్ని నేను నున్నగా మెరిసేలా తుడిచి మరీ అతికేదాన్ని. అయినా నా అతుకులు ఇడ్లీ తింటేనే ఊడిపోయేవి.

"ఆ పన్ను ఎవరు బాగుచేశారండీ?" మామూలుగానే అడిగాను గానీ లోపల కడుపు మండిపోతోంది.

"మా ఊరి డాట్రుబాబు. అంటించే ముందు గరగరా గీకీసినాడమ్మా. ఉన్నదీ అరగదీసేస్తన్నావేటి బాబూ అని తిట్టేసినాను." గోటితో పన్ను మీద టక్కుటక్కుమని కొట్టింది. "సూడు, కదల్దు. నీకేటైనా పన్ను ఇబ్బందుంటే ఆ బాబు కాడికే ఎల్లమ్మా."

నేను డాక్టర్నని చెప్పలేదు. తలూపి కిటికీ వైపు తిరిగాను.

ఇప్పుడు నేనూ గరుకు చేశాకే అతుకుతున్నాను. గోటితో కొట్టి చూశాకే కుర్చీలోంచి లేవనిస్తాను. "మీ హస్తవాసి మంచిది డాక్టరుగారూ" అని ఎవరైనా అంటే మాత్రం, ఆ జంతిక చప్పుడు వినబడి మళ్లీ కడుపు మండుతుంది.