రిబ్కా ఎత్తే పాట

భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో ఏ కిరస్తానీ ఇంట చావు జరిగినా సమాధి దగ్గర పాట ఎత్తేది రిబ్కాయే. ఆమె గొంతు విప్పితే ఎంతటి మొండివాడైనా కంటతడి పెట్టాల్సిందే. ఆమె మొగుడు స్తెఫను నోరు తెరిస్తే మాత్రం చర్చిలో పిల్లలు కిసుక్కున నవ్వేవారు. అందుకే పాటల వేళకు ఆయన మెల్లగా బయటికి జారుకుని, పాస్టరుగారి కంట పడకుండా చుట్ట కాల్చుకునేవాడు.

ఇంట్లో ఆ భయమూ లేదు. మంచం మీద నుంచే చుట్ట చాచి, "ముట్టించి ఇయ్యవే" అనేవాడు. రిబ్కా దాన్ని పొయ్యిలో నిప్పుకు ఆనించి, బాగా రాజుకునేదాకా నాలుగు దమ్ములు లాగి చేతికిచ్చేది. పెళ్లయిన నాటి నుంచీ ఇదే తంతు. వానాకాలమంతా తడికట్టెలు, కిటికీ లేని వంటగది. దగ్గుతూనే వండేది. పొయ్యి ముందు దగ్గనివాళ్లెవరు అనుకునేది.

రెండువేల ఆరులో ఊళ్లో పగిడయ్య అనే ముసలాయనను మట్టి చేసిననాడు పాట మధ్యలో ఆమెకు ఊపిరందలేదు. ఆ మట్టికుప్ప మీదే కూలబడింది. స్తెఫను ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయాడు.

"పొగ తాగుతావామ్మా?" అని అడిగాడు డాక్టరు.

"అయ్యో, ప్రార్థనకు పోయేటోళ్లం సార్. గసొంటి అలవాట్లు నాకేడివి?"

స్తెఫను తల వంచుకున్నాడు. "తాగుతది సార్. నేనే తాగిపిచ్చిన. నా చుట్టలన్నీ ఆమెనే ముట్టిస్తది."

"గది గూడ తాగుడేనా?" రిబ్కా నిజంగానే ఆశ్చర్యపోయింది.

పొయ్యి పొగ, చుట్ట పొగ రెండూ కలిసి ఊపిరితిత్తులను తినేశాయన్నాడు డాక్టరు. పోయింది తిరిగి రాదు, మిగిలిందైనా కాపాడుకోమని పీల్చే మందు రాశాడు.

స్తెఫను చుట్టలు బస్టాండు మురికికాలువలో పారేశాడు. ఇంటికి గ్యాసుపొయ్యి తెచ్చాడు. రిబ్కాకు దగ్గు కొంత తగ్గింది గానీ పాట తిరిగి రాలేదు.

"అందరికీ నేనెత్తిన. నాకెవలు ఎత్తుతరు?" అని ఒకనాడు స్తెఫనును అడిగింది.

తర్వాత వచ్చిన ఒక చలికాలం ఆమెను తీసుకుపోయింది. సమాధి దగ్గర అందరూ అలవాటు కొద్దీ పాట కోసం ఆగారు. ఎవరూ ఎత్తలేదు. చివరికి స్తెఫనే నోరు తెరిచాడు. రాగం ఎటో పోయింది. పిల్లలు కూడా నవ్వలేదు.

చివరి చరణం దాకా ఆయన ఊపిరి ఎక్కడా తెగలేదు. ఇన్నేళ్లు చుట్ట కాల్చింది తానైతే, ఊపిరి పోయింది ఆమెకు. అది తలుచుకునే ఆ మట్టిలో పడి ఏడ్చాడు.