పూజ చేసిన కాగితం

తహసీన్ రాతలు చదివేవాళ్ళు మెకానిక్కులు తప్ప మరొకరు లేరు. బోరు మోటారును వాటంతటవే వేసి ఆపే పెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి ఆమె ప్రొద్దుటూరులో ఇంటి నుంచే పనిచేస్తుంది. ఒక్కో బోరుకు లోతు వేరు, మోటారు వేరు. మెకానిక్కు ఆ లెక్కలు మార్చి, ల్యాప్‌టాప్‌లో కమాండ్ కొట్టి, ప్రోగ్రాము తయారుచేసి, పెట్టెలోని బోర్డులోకి ఎక్కించాలి. అది ఎట్లా చేయాలో తెలుగులో రాయడం ఆమె ఉద్యోగం. తల్లి జరీనా మాత్రం ఇరుగుపొరుగుతో "మా పాప మోటార్లకు సదువు చెప్తాది" అంటుంది.

ఎండాకాలానికి ముందు కంపెనీ కొత్త బోర్డు తెచ్చింది, దాంతో కమాండూ మారింది. ఇదివరకు ఒక్క మాట కొడితే సరిపోయేది. ఇప్పుడు ముందు బోర్డు పేరు చెప్పాలి, ఆ తర్వాతే ప్రోగ్రాము తయారుచేయాలి. తహసీన్ వెబ్‌సైటులో పేజీలన్నీ దిద్దింది. దిద్దడం అయ్యాక ఎందుకో అనుమానమొచ్చి పాత కమాండ్ కొట్టి చూసింది. అది తప్పు అనలేదు. బుద్ధిగా పనిచేసి 'సిద్ధం' అంది. తయారైంది పాత బోర్డు ప్రోగ్రాము. దాన్ని కొత్త బోర్డులోకి ఎక్కిస్తే మోటారు తిరుగుతుంది, నీళ్ళు పోస్తుంది. బోరులో నీళ్ళు అడుగంటినప్పుడు మాత్రం ఆగదు. ఉత్తదే తిరిగి తిరిగి కాలిపోతుంది.

పైఅధికారి అవినాష్‌కు ఫోన్ చేసింది. "పాత కమాండ్ మూసేయండి సార్. కొడితే పనిచేయకూడదు."

"మూసేస్తే పొద్దున్నుంచీ నాకు ఫోన్లే. పేజీలు మార్చినావు కదా, చదువుకోనీ."

"వాళ్ళు పేజీలు చదవరు సార్."

"చదవకపోతే మన తప్పెట్లయితాది?"

తెలుగులో మొట్టమొదటిదని చెప్పుకునే శాసనం ఈ సీమలోనే, కలమళ్ళలో దొరికింది. ఆజ్ఞ మారినప్పుడు కొత్త రాయి నాటించిన దొరలు ఎందరో ఉంటారు. పాత రాయిని పెరికించినవాళ్ళు ఎందరు? రాయి నిలబడి ఉన్నంతకాలం దాన్ని నమ్మేవాడు ఒకడు ఉంటాడు. తహసీన్‌కు రాళ్ళ సంగతి తెలియదు గానీ, మెకానిక్కుల గోడల సంగతి తెలుసు. ఆమె పాత రాతను వాళ్ళు అచ్చుతీసి, చిరగకుండా లామినేషన్ చేయించి, ప్రతి అంగట్లోనూ తగిలించుకున్నారు.

కొత్త కాగితాల కట్టతో బస్సెక్కింది. జమ్మలమడుగులో మెకానిక్కు నయీం పాతదాన్ని ఆమె ముందరే కత్తెరతో ముక్కలు చేసి, టీ తెప్పించాడు. ఆ ధైర్యంతో పులివెందుల చేరింది.

అక్కడి మెకానిక్కు ఓబులేసు అంగట్లో పాత కాగితానికి పసుపు బొట్లు, కుంకుమ బొట్లు, ఎండిన బంతిపూల దండ.

"అన్నా, అది తీసేయాల. కమాండ్ మారింది."

"తీసేదా? ఆయుధపూజకు కుంకం పెట్టినామమ్మా. పూజ చేసిందాన్ని పెరికి చెత్తలో ఏయమంటావా?"

"చెత్తలో వద్దు, లోపల దాచిపెట్టు. ఈడ కొత్తది అంటిద్దాం."

"అంటించుకో, గోడకు బాడిగ అడగనులే. అయినా అప్పుడు నువ్వే కదమ్మా చెప్పింది, ఈ కాగితం తప్ప ఎవురేం చెప్పినా ఇనొద్దన్నా అని? ఇనలేదు. మీ ఆఫీసోళ్ళు ఫోన్ చేసినా ఇనలేదు."

తహసీన్ కట్ట విప్పింది. విప్పుతూ అడిగింది. "కొత్త బోర్డులు ఏమన్నా పెట్టినావా అన్నా?"

"ఉగాది నుంచి అన్నీ అవే." అని అరుగు మీద కూర్చున్న ముసలామెను చూపించాడు. "గోవిందమ్మ, సింహాద్రిపురం. మోటారు కాలిపోయిందని వచ్చింది. అమ్మా, ఈయమ్మే ఆ కాగితం రాసింది."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. చుట్టాన్ని పరిచయం చేసినట్టే అన్నాడు.

గోవిందమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "పెట్టె ఉండాదిలే, అదే ఆగుతాదని నమ్మి పెండ్లికి పోతి. వైండింగోడు బాగుచేసేకి వారమంటాండాడు. ఈ ఎండకు నీళ్ళు లేక తోటలో చీనీకాయ వారం నిలబడతాదా పాపా? సదువుకున్నదానివి, తప్పు రాస్తావా?"

"రాసినప్పుడు తప్పు కాదు పెద్దమ్మా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు తప్పే."

 గోవిందమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని రోడ్డు వైపు తిరిగింది.

తహసీన్ కొత్త కాగితాన్ని పాతదాని పక్కనే అంటించింది. ఈలోగా ఓబులేసు ఇంకో పెట్టె విప్పి, ల్యాప్‌టాప్ తెరిచాడు. కళ్ళు కొత్త కాగితం మీదనే ఉన్నాయి. వేళ్ళు పాతదే కొట్టాయి. 'సిద్ధం' అంది.

"అన్నా, మళ్ళా అదే."

"సిద్ధమనె కదమ్మా. తప్పయితే అదే చెప్పదా?"

పక్కన నిలబడి మళ్ళీ చేయించింది. ఈసారి సరిగ్గా వచ్చింది. అప్పటికి అతనికీ భయం పట్టుకున్నట్టుంది, స్టూలెక్కి తానే పాత కాగితాన్ని దించి, కళ్ళకద్దుకుని బీరువాలో పెట్టాడు.

"నేను దించితే ఏం లాభంలేమ్మా," అన్నాడు కిందికి దిగుతూ. "దాన్ని ఫోటో తీసి వేంపల్లె, లింగాల, ముద్దనూరు మెకానిక్కులకు ఎప్పుడో పంపినా. వాళ్ళు యాడయాడికి పంపినారో. శానా బాగా రాసినావు, చదివినోనికి చదివినట్టే వస్తాది. ఒక్కడూ నాకు మళ్ళా ఫోన్ చేసి అడగలేదు."

బస్టాండుకు వచ్చి అవినాష్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. వేంపల్లె బస్సు కదులుతోంది, ముద్దనూరు బస్సు వాళ్ళు పిలుస్తున్నారు. కట్టను గుండెకు హత్తుకుని, ఏది ఎక్కాలో తెలియక, రెండూ వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడింది.