కదలకండి అన్న గవర్రాజు

మా బావ గవర్రాజు బతుకంతా జనాన్ని కదలొద్దని బతిమాలడంతోనే సరిపోయింది. విశాఖపట్నంలో కలెక్టరాఫీసు గోడ పక్కన పేవ్‌మెంటు మీద, మూడు కాళ్ల మీద నిలబెట్టిన చెక్కపెట్టె ఆయన కెమెరా. దరఖాస్తుకు అంటించే ఫోటో అక్కడికక్కడే తీసి, ఆ పెట్టెలోనే కడిగి, తడి ఆరకముందే చేతిలో పెట్టేవాడు. పెట్టెకు ఒక పక్క నల్లగుడ్డ తొడుగు ఉండేది. అందులోంచి చెయ్యి దూర్చి, లోపల మందు ట్రేలో కాగితాన్ని తడుముకుంటూ బొమ్మ తేల్చేవాడు. అద్దం మూత తీసి మళ్లీ పెట్టేలోపు ఎదుటి మనిషి కాస్త కదిలినా మొహం అలుక్కుపోతుంది. అందుకే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే కేక.

"కదలకండి! ఊపిరి కూడా తీయకండి!"

ఇంట్లో కంచం ముందు కూర్చున్నా పెళ్లాన్ని, అంటే మా అప్ప చిట్టెమ్మను, అలాగే కసిరేవాడు. ఆవిడ గరిటె ఎత్తితే అప్పుడు నోరు మూసేవాడు.

నేను మల్కాపురంలో లారీ షెడ్డు మెకానిక్‌ను. అప్పా బావల ఇంట్లోనే నా తిండీ పడకా. కాబట్టి ఆ పెట్టె పోతే మా అందరి పొయ్యీ ఆరిపోతుంది. పోగొట్టడానికి ఒక వ్యాను తయారుగా ఉండేది. పేవ్‌మెంట్లు ఖాళీ చేయించే మునిసిపాలిటీ వ్యాను. అందులోంచి ఇన్‌స్పెక్టరు సీతారామాంజనేయులు దిగితే అందరూ పరుగే. జామపళ్ల పోతమ్మ బుట్ట నెత్తినెత్తుకుని ఉరుకుతుంది. మా బావ పెట్టె, స్టూలు, బాల్చీ, మందుసీసాలు ఒక్కసారిగా ఎలా మోస్తాడు? పెట్టె పట్టుకుపోతే రెండుసార్లు కాళ్లావేళ్లా పడి విడిపించుకున్నాడు. ఆ రెండోసారి ఇంటికొచ్చి తల గోడకేసి కొట్టుకున్నంత పని చేశాడు. ఇంకెవడి కాళ్లూ పట్టుకోనని ఒట్టేశాడు.

డెబ్బయ్ తొమ్మిదిలో ఓడ దిగిన ఒక తెల్లవాడు కె.జి.హెచ్. డౌన్‌లో, అంటే ఆ గోడ పక్కనుంచే దిగే పల్లపు రోడ్డులో, చక్రాల చెక్క మీద నిలబడి జారుతూ వచ్చాడట. జనం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. వాడు మా బావను చూసి, జారుతుండగానే ఫోటో తీయమని సైగ చేశాడు. "ఆగవయ్యా బాబూ" అంటే ఆగడు. సరేనని మూత తీశాడు బావ. కడిగి చూస్తే గోడ పడింది, కరెంటు స్తంభం పడింది, మనిషి ఉండాల్సిన చోట పొయ్యిలోంచి లేచిన పొగలాంటిది పడింది. తెల్లవాడు దాన్ని చూసి ఎగిరి గంతేసి పట్టుకుపోయాడు. మా బావకు మాత్రం నవ్వు రాలేదు. ఆ సాయంత్రం నేరుగా నా షెడ్డుకొచ్చాడు.

"ఒరే రామ్మూర్తీ, నా డబ్బాకే దొరకనోడు ఆ వ్యానుకేటి దొరుకుతాడ్రా?"

"ఏటి బావా, ఎండదెబ్బ గానీ తగిలిందేటి?"

"నాలుగు పాత బేరింగులియ్యి. మిగతాది నాను సూసుకుంతాను."

ఇచ్చాను. బుద్ధి లేక ఇచ్చాను. మంచి పొడుగాటి చెక్క తెచ్చి, బేరింగులు బిగించి, ముందు భాగంలో పెట్టెను తాడుతో కట్టేందుకు మేకులు కొట్టాడు. మా వీధి పల్లంలో తొలిసారి ఎక్కి, మురిక్కాలవలో తేలాడు. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి.

"సిగ్గు నేదా నీకు? నలబై దాటినోడివి, సెక్క మీద జారతావా?" అని మా అప్ప వీధందరికీ వినపడేలా అరిచింది.

"సిగ్గుపడితే డబ్బా పోద్దే" అని పసుపు అద్దుకుని మళ్లీ ఎక్కాడు.

నెల తిరక్కుండా పట్టు దొరికింది. ఆ తర్వాత చూడాలి తమాషా! "వ్యానొచ్చింది!" అని పోతమ్మ కేక వేయడం ఆలస్యం, పెట్టె చెక్క మీద, స్టూలు మెళ్లో, లుంగీ ఎగ్గట్టి గరగరమంటూ డౌన్‌లోకి జారిపోయేవాడు. ఒళ్లు ఎటు వంచితే చెక్క అటు తిరిగేది. రిక్షావాళ్లు ఈలలు వేసేవారు. సీతారామాంజనేయులు గారు రోడ్డు మధ్య నిలబడి టోపీ తీసి తల తుడుచుకునేవారు. నాకైతే కడుపు నిండిపోయేది.

అలాంటి మనిషి ఎనభై ఒకటిలో దొరికిపోయాడు. ఆ రోజు బేరింగులకు గ్రీజు పెట్టడానికి వెళ్లాను గనక కళ్లారా చూశాను.

జోగమ్మ అని ఒక ముసలావిడ వచ్చింది. వాళ్ల ఊరు స్టీలు ప్లాంటు కింద పోయింది. నష్టపరిహారానికి ఫోటో అంటించిన దరఖాస్తు ఇవ్వడానికి అదే ఆఖరి రోజు, కలెక్టరాఫీసు కిటికీ మూసే వేళయింది. పుట్టి బుద్ధెరిగి ఆవిడ ఫోటో దిగలేదు. బావ తీశాడు. తొడుగులోంచి చెయ్యి దూర్చి కాగితాన్ని మందులో వేశాడో లేదో, పోతమ్మ కేకేసింది.

"బావా, ఎక్కు!" అన్నాను.

"మందులో ఉందిరా."

పెట్టె కదిలితే లోపల ట్రేలు తొణికి మందులు కలిసిపోతాయి, ఆవిడ మొహం పోతుంది. మళ్లీ తీసే వ్యవధి లేదు. వ్యాను ఆగింది. మనుషులు దూకారు. మా బావ చెయ్యి తొడుగులోంచి తీయకుండానే వాళ్ల మీద గర్జించాడు.

"ఎక్కడోల్లక్కడ కదలకండి! ముసల్దాని మొకం మందులో ఉంది!"

నిజంగానే ఆగిపోయారు! వాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ స్టూలు మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్లే మరి. బావ తాపీగా ఫోటో బయటికి తీసి, బాల్చీలో జాడించి, జోగమ్మ చేతిలో పెట్టాడు.

"పరిగెట్టమ్మా" అని ఆవిడను పంపి, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "ఊఁ, ఇప్పుడట్టుకెళ్లండి."

పట్టుకెళ్లారు. చెక్కను మాత్రం పనికిమాలిన కలప అనుకుని, మందుసీసాల సంచిని కంపు భరించలేక వదిలేశారు.

మర్నాడు పొద్దున్నే మందుసీసాల సంచి భుజాన వేసుకుని, చెక్క చంకలో పెట్టుకుని వాళ్ల ఆఫీసుకు బయల్దేరాడు. నేనూ వెంటపడ్డాను. పెట్టె ఇవ్వాలంటే దరఖాస్తు పెట్టాలట. దానికి సొంతదారు ఫోటో అంటించాలట. ఊరందరి ఫోటోలూ తీసిన మా బావకు సొంత ఫోటో ఒక్కటీ లేదు.

"స్టూడియోకి వెళ్లి దిగిరా" అన్నాడు సీతారామాంజనేయులు.

"నాను ఇంకొకడి డబ్బా ముందు కూకోడమేటి బాబూ? నా డబ్బా తెండి, ఇక్కడే తీసుకుంతాను."

"సీజు చేసినది బయటికి తీయకూడదు."

"అయితే ఫోటో నేదు."

చెక్కను గేటుకు అడ్డంగా వేసి దాని మీద కూర్చున్నాడు. లేవమన్నారు, లేవలేదు. తిట్టారు, వినలేదు. నేనే భయపడి, "బావా, నాలుగు మంచి మాటలు సెప్పి ఎల్లిపోదాం" అన్నాను. నా వైపు చూసిన చూపుకు గేటు పక్కకి తప్పుకున్నాను. ఇంతలో పెద్దాఫీసరు కారొచ్చి గేటు ముందు ఆగింది. హారను కొట్టారు.

"నాను కదల్ను" అన్నాడు మా బావ.

పెద్దాఫీసరు సంగతంతా విని, నెత్తి కొట్టుకుని, "ఆ పెట్టేదో తెచ్చి వాడి మొహాన పడేయండయ్యా" అన్నాడు.

బావ ఆవరణలో పెట్టె నిలబెట్టి, మందులు పోసి, తల దువ్వుకుని స్టూలు మీద కూర్చున్నాడు. మూత తీయడానికి నేను ముందుకొచ్చాను.

"నీ సేతులకి గ్రీజురా. ఇన్‌స్పెక్టరు బాబూ, తవరు రండి. నాను ఊఁ అంటే తియ్యండి, మళ్లీ ఊఁ అంటే పెట్టీయండి. ఈలోగా కదలకండి."

ఆఫీసు ఆఫీసంతా కిటికీల్లోంచి చూస్తుండగా, సీతారామాంజనేయులు మూత మీద వేలు పెట్టి ఊపిరి బిగబట్టాడు.

కాపీ ఒకటి దరఖాస్తుకు పోయింది, పెట్టె చేతికొచ్చింది. ఇంకోటి మర్నాడు అదే గోడ పక్కన, అదే చోట, పెట్టెకు నమూనాగా వేలాడింది. అందులో మా బావ బుర్ర పైకెత్తి కూర్చుని ఉంటాడు. ఆయన వెనక, ఆవరణలో ఆపిన ఆ వ్యాను. కదలకుండా నిలబడి ఉంది గనక నంబరుతో సహా పడింది.

"రండమ్మా, రండి" అని పిలుస్తున్నాడు మా బావ. "ఇంత సుబ్బరంగా పడతాది. కదలకండి, అంతే."