వాలు మార్చిన చాకు

నిన్న నారాయణగూడలో ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్ళి మడత చాకు అడిగితే, దుకాణదారు అద్దం మీద మూడు పరిచాడు. ఒక్కోటీ తెరిచి, మూసి, "ఏది తీస్కున్నా ఒకటే అన్న. ఏ చేతికైనా నడుస్తది" అన్నాడు. పాపం, అమ్ముకునేవాడు అనవలసిన మాటే. కానీ నా చెవులు వేడెక్కాయి. నడవదు అని కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, పక్కన మేకులు తూయించుకుంటున్న పెద్దమనిషి తిరిగి చూశాడు. ఆ కోపం దుకాణదారు మీద కాదని ఆయనకెలా తెలుస్తుంది? అది పోయిన వానాకాలం నుంచి నా మీద నాకున్న కోపం, ఇంకా చల్లారలేదు.

మా మేనమామకు చిక్కడపల్లిలో బైండింగ్ దుకాణం ఉంది. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు ఇటుకల్లాంటి నోట్సు కట్టలు తెచ్చి పడేస్తారు, మామ వాటికి అట్టలు వేసి పుస్తకాలు చేస్తాడు. బడి అయ్యాక నేను చేరేది అక్కడికే. తొమ్మిదేళ్ళప్పుడే టేపు పెట్టి ఆ దుకాణం కొలిచాను, పొడవు పదకొండడుగులు, వెడల్పు ఏడు. పని బల్ల గోడకు ఆనించి ఉంటుంది కాబట్టి, గిరాకీకి గానీ మాకు గానీ పని చేసే మామ అంటే వీపే. బనియన్‌కు భుజం దగ్గర చిరుగు, మెడ మీద పుట్టుమచ్చ, కాగితం తెగేటప్పుడు చీరను నిలువునా చింపినట్టు ఒక చప్పుడు, ఆ వెనకే మైదా జిగురు వాసన. ఆయన గురించి ఇంత తెలుసు నాకు. అంతా తెలుసనుకున్నాను.

ఆ కాగితం కోసేది ఒక మడత చాకు. నేను పుట్టకముందు కొన్నది. కొన్నప్పుడు బొటనవేలంత వెడల్పున్న ఉక్కు అలుగు సానపెట్టీ పెట్టీ చిటికెనవేలంత అయింది. పోయిన వానాకాలంలో దాని కీలు వదులైంది. మామ చాకును నా చేతిలో పెట్టి, "మీ కంపెనీల మిషన్లుంటయి గద బిడ్డ, జర ఈ పిన్ను బిగించుకొని రా" అన్నాడు. అడిగింది పిన్ను. ఒక్క పిన్ను.

నేను పనిముట్లు తయారుచేసే చోట తనిఖీ చేసేవాణ్ణి. నా చేతికి ఏ వస్తువు వచ్చినా దానికో పట్టీ తయారవుతుంది. ఆ సాయంత్రం కాగితానికి నడుమ గీత గీసి, ఒకవైపు కొత్తది కొనడం, ఇంకోవైపు దీన్నే బాగుచేయడం అని రాశాను. కొత్తదాని ఉక్కు ఎలాంటిదో తెలియదు, పాతది మంచి ఉక్కు. కొత్తది మామ ముట్టడు, పాతది వదలడు. బాగుచేయడమే గెలిచింది. ఆ తర్వాత లోపాల పట్టీ. ఒకటి, కీలు వదులు. రెండు, కర్ర పిడి మీద ఒకచోట గుంట. మూడు, పదును కోసం ఏటవాలుగా అరగదీసిన వాలు తప్పు వైపు ఉంది. కాగితం కోసే చాకుకు ఒకవైపే వాలు ఉండాలి, స్కేలుకు ఆనే రెండోవైపు చదునుగా ఉండాలి. అది నాకు తెలుసు. కానీ దీనికి వాలు ఎడమవైపు ఉంది, కుడివైపు ఉండాల్సింది. ఎవడో తెలివిలేని సానవాడు చేసిన పని అనుకున్నాను. ఆ సానవాణ్ణి నేను మనసులో తిట్టిన తిట్లు గుర్తొస్తే ఇప్పుడు పళ్ళు కొరుక్కుంటాను.

కంపెనీ సానచక్రం మీద నలభై నిమిషాలు పట్టింది. ఉక్కు వేడెక్కి మెత్తబడకుండా నీళ్ళు పోస్తూ ఎడమవైపు చదును చేసి, కుడివైపు వాలు పెట్టాను. గుంట పడిన కర్ర తీసేసి నల్లటి కొత్త పిడి బిగించాను. కొలతలు వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. మెచ్చుకోలు కోసం మిఠాయి డబ్బా పట్టుకెళ్ళినట్టు పట్టుకెళ్ళాను.

మామ చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. బల్ల వైపు తిరిగి, ఎవరో పిల్లవాడి పుస్తకం మీద స్కేలు పెట్టి లాగాడు. చాకు స్కేలును వదిలి పక్కకు జారింది, అట్టతో పాటు పది పేజీల అంచు ఏటవాలుగా తెగింది. నేను పక్కకు వెళ్ళి నిలబడ్డాను, ఎలా పట్టుకోవాలో చెప్దామని. అప్పుడు చూశాను, చాకు ఎడమచేతిలో ఉంది. స్కేలుకు ఆనుతున్నది నేను వాలు పెట్టిన వైపు.

మామ కుడిచేత్తో తింటాడు, రాస్తాడు, చిల్లర ఇస్తాడు. ఎడమచెయ్యి వాటం అని నాకు ఇరవై నాలుగేళ్ళు తెలియలేదు. వీపు చూస్తే చెయ్యి కనిపించదు. అడిగితే తెలిసేది. అడగాలని తోచలేదు. తొమ్మిదేళ్ళకే దుకాణం కొలిచినవాణ్ణి.

"మామా, చెప్పొచ్చు గద" అన్నాను. నేను చేసిన రెండో తప్పు అది.

మా మామ గొంతు పెంచగా నేను ఎప్పుడూ వినలేదు, అప్పుడూ పెంచలేదు. చాకు మడిచి బల్ల మీద పెట్టాడు. "అన్నం కాడ ఎడమచెయ్యి చాపితే మీ అమ్మమ్మ గరిటెతోని కొట్టింది. బళ్ళె పంతులు బెత్తంతోని కొట్టిండు. అందరు కలిసి అన్నీ కుడికి మార్పిచ్చిన్రు. గీ చాకొక్కటే మిగిలుండె" అన్నాడు. చాకును నా వైపు జరిపి, "నువ్వు నా చాకు బాగుచెయ్యలేదురా. నీ చెయ్యికి చేస్కున్నవ్" అన్నాడు.

తీసేసిన పాత పిడిని ఇంటికెళ్ళి ఎడమచేత పట్టుకుని చూశాను. నేను లోపమని రాసుకున్న గుంటలో నా బొటనవేలు సరిగ్గా కూర్చుంది. ఆయన వేలు పెట్టి పెట్టి చేసిన గుంట అది. నా మీద, అమ్మమ్మ గరిటె మీద, ఎవరో తెలియని పంతులు మీద ఒక్కసారే కోపం వచ్చింది. అమ్మమ్మ లేదు, పంతులు జాడ తెలియదు. మిగిలింది నేను.

వాలు మళ్ళీ మార్చవచ్చా అని లెక్క వేశాను. ఇంకోసారి అరగదీస్తే చిటికెనవేలంత అలుగు దబ్బనమవుతుంది. ఈ ఏడాదంతా మామ పనికిరాని బ్లేడు ముక్కలతో నెట్టుకొస్తూ, నాతో క్లుప్తంగా మాట్లాడుతూ గడిపాడు. కొత్తది కొంటానంటే వద్దనే అన్నాడు. పోయిన వారం మాత్రం తనంతట తనే, "తెస్తే తే. పదును పెట్టకు, ముట్టకు" అన్నాడు.

అందుకే నిన్న మూడింట్లో వెడల్పైనది, ఇంకా ఏ వైపూ వాలు పెట్టని మొద్దుది, కర్ర పిడిది ఎంచుకుని తెచ్చాను. మామ దాన్ని నా ఎదుటే ఎడమచేత్తో అందుకున్నాడు. సానరాయి మీద నీళ్ళు చల్లి, ఈసారి గోడ వైపు కాకుండా నా వైపు తిరిగి కూర్చుని రుద్దడం మొదలుపెట్టాడు. చేతికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను. తల ఎత్తకుండానే, "ముందటిదానికైతే నీ వయసంత పట్టింది" అన్నాడు. ఆయనకిప్పుడు యాభై ఎనిమిది. నేను కూడిక చేశాను, చేసి పైకి చెప్పలేదు. పాత చాకు నా జేబులో ఉంది, నా కుడిచేతికి అది ఎంత బాగా తెగుతుందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను నలభై నిమిషాల్లో తీసేసింది ఉక్కనుకున్నాను, అందులో ఎక్కువభాగం ఏళ్ళే.