షడంగి గారు రాయని వ్యాసం

కటక్‌లోని ఒక కాలేజీలో చరిత్ర చెప్పే గదాధర్ షడంగి గారు ఒకే ఒక్క పరిశోధన వ్యాసంతో పేరు తెచ్చుకున్నారు. ఆ వ్యాసం ఆయన రాయలేదు. ఎవరూ రాయలేదు.

పూరీలో సదస్సు ఉందంటే "చిలికా తీరంలో ఉప్పు వ్యాపారం" అని శీర్షిక ఒకటి పంపారు. వ్యాసం రైల్లో రాద్దామనుకున్నారు. బయల్దేరే ముందు బజారులో దహీబరా ఆలూదమ్ రెండో దొన్నె కూడా లాగించేసరికి కడుపు ఎదురు తిరిగింది, ప్రయాణం ఆగింది. శీర్షిక మాత్రం సదస్సు కరపత్రంలో అచ్చయింది.

భువనేశ్వర్ ప్రొఫెసరొకాయన తన పుస్తకంలో ఉప్పు సంగతికి ఆధారం దొరక్క, ఆ శీర్షికను ఫుట్‌నోట్‌లో పడేశారు. ఆ పుస్తకం చూసి రాసినాయన, పేజీ నంబర్లు లేకపోతే బోసిగా ఉంటుందని అవీ తగిలించారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకొకాయన పత్రిక పేరు, సంచిక కూడా పెట్టి పుణ్యం కట్టుకున్నారు. పరిశోధకులు నిజాయితీపరులు కదా, ఆ తర్వాత ఒకరి తప్పును ఒకరు పొల్లు పోకుండా ఎత్తి రాసుకున్నారు.

ఖండిద్దామని షడంగి గారు మొదట్లో అనుకున్నారు. భార్య సుభాసిని సాగనివ్వలేదు.

"జనం పొగుడుతుంటే మీకేం నొప్పండీ? రాసినవాళ్లనైనా చదివే పొగుడుతున్నారా ఏంటి?"

అదీ నిజమే అనిపించింది. ప్రమోషన్ ఇంటర్వ్యూలో పెద్దాయనొకరు, "మీ ఉప్పు వ్యాసం ఎన్నిసార్లు చదివినా తనివి తీరదండీ!" అన్నారు.

"ఏదో, మీ అభిమానం" అని షడంగి గారు తల వంచారు. రీడరయ్యారు.

అలా హాయిగా సాగుతుండగా బాలూగావ్ నుంచి లోపాముద్ర బెహెరా అనే పరిశోధక విద్యార్థిని వచ్చింది.

"సార్, మీ వ్యాసం కాపీ కావాలి."

"దేనికమ్మా?"

"చదవడానికి."

ఆ జవాబు ఆయనకు వెంటనే బుర్రకెక్కలేదు. "ఫుట్‌నోట్‌లో వేసేసుకో తల్లీ. అందరూ అలాగే వేసుకున్నారు."

"చదవకుండా ఎలా వేస్తాను సార్?"

"మీ గైడెవరమ్మా? ఇంత చిన్న విషయం కూడా నేర్పలేదా?"

తుఫానులో కాగితాలన్నీ తడిసిపోయాయని చెప్పి పంపేశారు. ఆ తీరంలో తుఫాను మీద పెట్టిన నెపాన్ని ఎవరూ కాదనరు. ఆ పిల్ల మాత్రం లైబ్రరీలన్నీ తిరిగి మళ్లీ వచ్చింది.

"సార్, ఆ సంచికలో ఆ పేజీల్లో కొబ్బరి తెగుళ్ల గురించి ఉంది. అసలు మీరు రాశారా, లేదా?"

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. షడంగి గారికి చెమట పట్టింది, ఆ వెంటనే ఎందుకో ప్రాణం తేలికపడింది.

"లేదమ్మా. ఆ రోజు కడుపునొప్పి."

ఆమె తన సిద్ధాంత గ్రంథంలో అలాగే రాసింది: ఈ వ్యాసం లేదు, ఈ సంగతి షడంగి గారే కటక్‌లో నాతో చెప్పారు అని, తేదీతో సహా. అది పుస్తకంగా వచ్చింది. పరువు పోతుందని ఆయన వణికిపోయారు. ఏమీ కాలేదు. పైగా ఒక కుర్ర లెక్చరర్ ఎదురొచ్చి, "మీ వ్యాసాన్ని బెహెరా గారు కూడా ప్రస్తావించారు సార్! ఆ పేజీని నేనూ ఆధారంగా వేసుకున్నా" అన్నాడు.

"అందులో నేను రాయలేదనే ఉందయ్యా!"

"ఎంత వినయం సార్ మీది!"

ఇక లాభం లేదని, రిటైరయ్యాక షడంగి గారు నిజంగానే కూర్చుని ఆ వ్యాసం రాశారు. పత్రికకు పంపితే, వాళ్లు ఆనవాయితీగా రచయిత పేరు తీసేసి ఒక పండితుడికి పరిశీలనకిచ్చారు. ఆయన తిప్పి పంపారు: "ఇది షడంగి గారి ప్రసిద్ధ వ్యాసానికి నాసిరకం నకలు. మూలాన్ని పేర్కొనే మర్యాద కూడా లేదు."

షడంగి గారు ఆ కాగితాలను లోపాముద్రకు పంపారు. వారం తిరక్కుండా ఆమె అంతా చదివి ఫోన్ చేసింది.

"సార్, ఉప్పు పన్ను ఏడాది తప్పు పడింది. ఆ ఏడాది ఎక్కడ చూసి వేశారు?"

"గుర్తులేదమ్మా" అన్నారాయన.

"అయితే ఆ వాక్యం తీసేయండి సార్."

తీసేశారు.