మాదిరి చేను

లిడియా ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊరూరా నవ్వులపాలైంది. జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో ప్రకృతి వ్యవసాయం నేర్పడం ఆమె పని. పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో కలిపి పులియబెట్టమని చెప్తుంటే, "మందు బస్తా ఇప్పిస్తావనుకుంటే పేడనీళ్లు తెచ్చినావా తల్లీ" అని మొహం మీదే అనేవారు. ఆమె తాతలు మిషన్ బడిలో అక్షరాలైతే నేర్చుకున్నారు గానీ సెంటు భూమి సంపాదించలేదు. "చేను ల్యానోళ్లు మనకు సేద్యం నేర్పుతాండారు" అనేవాళ్లూ ఉన్నారు.

ఆమె మాట విన్నది మాబున్ని ఒక్కతే. యాభై దాటిన మనిషి. భర్త పోయాక, ఓబులేసు అనే ఆసామి రెండెకరాలను నోటిమాట మీద గుత్తకు, అంటే కౌలుకు, చేసుకుంటోంది. ఓబులేసుకు ప్రొద్దుటూరులో బట్టలంగడి ఉంది. చేను వంక చూసేవాడు కాదు. అది అంత గొడ్డునేల కనుకే మాబున్నికి దక్కింది.

"ఇందులో పోయేదేముందిలే లిడియమ్మా, చేసి చూస్తా" అందామె.

వానలకు ముందే పది రకాల విత్తనాలు కలిపి చల్లారు. మొలిచిన పచ్చదనమంతా ఎరువుగా నేలలోనే కలిపేసి, ఆపైన శనగ వేశారు. మొదటి ఏడు శనగ దిగుబడి తగ్గింది. లిడియా సిగ్గుతో నెల రోజులు ఆ వీధి తొక్కలేదు. చివరికి మాబున్నే వెతుక్కుంటూ వచ్చింది.

"ఏంది, తప్పించుకోని తిరుగుతాండావు? డ్రమ్ము మళ్లీ ఎప్పుడు కలుపుదాం?"

మూడో ఏటికి మట్టి గుల్లబారింది. పార వేస్తే వానపాములు కనబడ్డాయి. ఆ ఏడు వాన ఎగ్గొట్టి చుట్టూ ఉన్న చేలన్నీ ఎర్రబారితే, మాబున్ని శనగ మాత్రం పచ్చగా నిలబడింది.

లిడియా సంతోషం పట్టలేకపోయింది. పైవాళ్లతో మాట్లాడి గట్టు మీద 'మాదిరి చేను' అని బోర్డు పెట్టించింది. చాపాడు నుంచి, వీరపునాయునిపల్లె నుంచి రైతులను వ్యానులో రప్పించింది. మాబున్ని కొంగు తల మీదికి లాక్కుని, పిడికెడు మట్టి చూపిస్తూ నిలబడితే ఫోటో తీసి నలుగురికీ పంపింది.

ఆ ఫోటో చేతులు మారి ఓబులేసుకూ చేరింది. పంట ఎత్తిన వారానికి ఆయన వచ్చాడు.

"గుత్త ఇంక చాల్లే మాబున్నీ. ఈసారి మేమే చేసుకుంటాం."

సంగతి తెలిసి లిడియా పరుగున వెళ్లింది. "అన్నా, మూడేండ్ల కష్టం. ఇంగో రెండేండ్లన్నా ఉంచన్నా."

"నువ్వే గదమ్మా ఊరంతా చెప్పినావు, భూమి బతికిందని" అన్నాడు ఓబులేసు. అందులో కోపం కూడా లేదు. "చచ్చిన నేలని ఇచ్చినా. బతికినాక ఎవరన్నా వదులుకుంటారా? నువ్వే చెప్పు."

ఆమె పై అధికారికి ఫోన్ చేసింది. గుత్త కాగితం ఉందా అని అడిగాడు. లేదంది. "అయితే మనమేం చేయలేం. ఆయన్నే మన పద్ధతిలో పెట్టు. నీ లెక్కలో ఎకరాలు తగ్గకుండా చూసుకో" అన్నాడు.

అదీ అడిగి చూసింది. ఓబులేసు చూద్దాంలెమ్మన్నాడు. తొలకరికి ఆ చేలో కూలిమనిషి వీపున పంపు కట్టుకుని గడ్డిమందు కొడుతున్నాడు. లిడియా గట్టు మీద నిలబడి ఆపమని బతిమాలింది.

"ఆసామి కొట్టమన్నాడక్కా. నన్నేం చేయమంటావు?" అని అతను ముందుకు సాగిపోయాడు.

మాబున్ని ఇప్పుడు కలుపు కూలికి పోతోంది. లిడియాను ఒక్కమాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఎదురుపడితే ఎప్పటిలాగే "తిన్నావా లిడియమ్మా" అంటుంది.

మొన్న పక్క ఊళ్లో మీటింగ్ పెట్టింది. పదిమంది ఆడవాళ్లు కూర్చున్నారు. అందరూ గుత్త సేద్యం వాళ్లే. ముందు వరసలోని గులాబ్‌బీ చెయ్యెత్తింది.

"మేము చేను బాగుచేసినాక, చేను మాకాడనే ఉంటాదా?"

ఉంటుందని చెప్పడమే ఆమె ఉద్యోగం. లిడియా నోరు తెరిచింది.

"తెలీదక్కా" అంది.

వాళ్లు ఒకరి వెనక ఒకరు కొంగులు దులుపుకుని లేచారు.